ఊరు విన్నాకే బహుమతి

తిరుపతిలో ఒక గ్రంథాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం కాలం, గ్రంథాలయం పనితో పాటు, మన ప్రాంత చరిత్ర మీద వచ్చిన పుస్తకాలకు ఏటా ఒక బహుమతి ఇచ్చే కమిటీకి కార్యదర్శిగా కూడా ఉన్నాను. ఆ పని ఇప్పుడు ఇద్దరు కొత్తవాళ్ల చేతికి వచ్చింది. మొన్న ఇంటికొచ్చి, "మేడమ్, పని ఎట్లుంటాదో రెండు ముక్కలు రాసివ్వండి" అన్నారు. రెండు ముక్కల్లో అయ్యే సంగతి కాదు. పైగా క్లుప్తంగా చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు.

ఈ పని అంటే శాలువాలు, జ్ఞాపికలు, మైకు ముందు పొగడ్తలు అనుకుంటారు. అదంతా ఏడాదికి ఒక్క సాయంత్రం. మిగతా రోజులన్నీ పార్సిళ్లు విప్పడం, పుస్తకాలు చదవడం, రచయితలకు జవాబు చెప్పడం. "నా పుస్తకం అందిందా మేడమ్" అని ఫోన్ చేసేవాళ్లు మంచివాళ్లు. "ఫలానా పెద్దాయన మీకు చెప్పినాడా" అని చేసేవాళ్లతోనే తంటా. "చెప్పారండీ, చాలా బాగా చెప్పారు" అనేసి, ఆ పుస్తకాన్ని మిగతావాటి మధ్యలోనే పెట్టేదాన్ని. ఒకాయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. అలిపిరి మెట్లెక్కి కొండకు పోయి, గుండు చేయించుకుని, దిగీ దిగగానే నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "బహుమతి వస్తే ఇయ్యాల్సిన తలనీలాలు ముందే ఇచ్చేసినా మేడమ్. ఇంక నా చేతిలో ఏం లేదు" అన్నాడు. ఫలితాలు వచ్చేటప్పటికి ఆయనకు క్రాపు దువ్వుకునేంత జుట్టు పెరిగింది. బహుమతి మాత్రం రాలేదు. అయినా ప్రతి ఏడూ సభకు వచ్చేవాడు, పాపం.

లేని ఊరివాళ్లు

నాకు పని నేర్పింది చెంగల్రాయలు సారు. చిత్తూరు మనిషి, హెడ్మాస్టరుగా చేసి రిటైరై మా కమిటీకి అధ్యక్షుడయ్యాడు. మీటింగుల్లో హాయిగా కునుకు తీసేవాడు. ఎవరైనా చదవని పుస్తకం గురించి మాట్లాడడం మొదలుపెడితే మాత్రం సరిగ్గా అప్పుడే కళ్లు తెరిచేవాడు. అది ఎట్లా సాధ్యమో నాకు ఈరోజుకూ తెలియదు.

నేను చేరిన ఏడాది సత్యవేడు వైపు పల్లెల చరిత్ర మీద వచ్చిన ఒక లావుపాటి పుస్తకానికి బహుమతి ఇచ్చాం. జడ్జీలు ముగ్గురూ మెచ్చుకున్నారు. సభ మొదలయ్యే ముందు ఒక టెంపో వచ్చి ఆగింది. అందులోంచి పూలు పెట్టుకున్న ఆడవాళ్లు, చంకన బిడ్డలు, తలపాగాల పెద్దమనుషులు దిగి ముందు వరసంతా నింపేశారు. వాళ్లు రచయిత చుట్టాలని మేమనుకున్నాం, మా చుట్టాలని రచయిత అనుకున్నాడు. ముఖ్య అతిథి మాట్లాడడం అయ్యాక వాళ్లలో ఒక పెద్దాయన లేచాడు.

"అయ్యా, మా ఊరు కలరా వచ్చి పాడుబడిపోయిందనీ, ఇప్పుడు ఆడ నరమానవుడు లేడనీ మీ పుస్తకంలో రాసినారంట. మేము ఇరవై ఒక్కమందిమి వచ్చినాము. ఇంకా ఇంటికాడ ఉండారు. ఒకసారి సూసుకుంటే బాగుంటాదని."

ఆయన గొంతులో కోపం లేదు. అదే మమ్మల్ని చంపేసింది. కలరా రోజుల్లో ఊరు రోడ్డుకు అటువైపు మారింది, అంతే. రచయిత పాత రికార్డు చూసి రాశాడు గానీ, ఆ రోడ్డు దాటి పోలేదు. మేమూ పోలేదు. హాలంతా గొల్లుమంది. చెంగల్రాయలు సారు వేదిక దిగొచ్చి, ముఖ్య అతిథికి కప్పాల్సిన శాలువా ఆ పెద్దాయనకు కప్పాడు. ముఖ్య అతిథి అలిగి భోజనం చేయకుండా పోయాడు. ఆయన వాటా పాయసం కూడా ఆ ఊరి పిల్లలే తాగారు.

మరుసటి రోజే సారు ఒక పద్ధతి పెట్టాడు. చివరికి మిగిలిన మూడు పుస్తకాలనూ, అవి ఏ ఊరి గురించి చెబుతున్నాయో ఆ ఊరికే తీసుకుపోయి, ఊరివాళ్ల ముందు బయటికి చదవాలి. చదివేది కార్యదర్శి. రచయిత నోరు తెరవకూడదు, జడ్జీలు అసలే తెరవకూడదు. ఊరివాళ్లు కాదన్నది కాదన్నట్టు కమిటీ రికార్డు పుస్తకంలో రాసుకోవాలి. దీనికి ఊరి చదువు అని మేమే పేరు పెట్టుకున్నాం. వృథా తిరుగుడని మొదట్లో నేను లోలోపల తిట్టుకున్నాను. రెండేళ్లు తిరిగాక ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే అయింది.

వెనకనుంచి తెరిచే జబ్బు

ఇక నా తప్పు చెప్పాలి. చరిత్ర పుస్తకాలతో పనిచేసే మా అందరికీ ఒక జబ్బు ఉంటుంది, ఎవరూ ఒప్పుకోరు. పుస్తకం చేతికి రాగానే వెనకనుంచి తెరుస్తాం. చివర్లో ఆధార గ్రంథాల పట్టిక నాలుగు పేజీలుంటే మనసుకు నెమ్మది. ఒక పేజీ ఉంటే అనుమానం. అసలు లేకపోతే పుస్తకాన్ని పక్కన పెట్టేస్తాం.

నగరి నుంచి వచ్చిన ఒక పుస్తకాన్ని నేను అట్లాగే పక్కన పెట్టాను. పేరు 'గిన్నెల మీది ఊళ్లు'. రాసినాయన ఖాదర్ బాషా. పల్చటి అట్ట, ఊళ్లోని ప్రెస్సులో వేయించిన అచ్చు. వెనక తిప్పితే తెల్ల కాగితం. మా దగ్గర సిద్ధంగా ఉండే జాబొకటి తీసి సంతకం పెట్టి పంపించాను: మీ పుస్తకంలో ఆధారాలు చూపలేదు, కనుక పరిశీలనకు స్వీకరించలేకపోతున్నాము. లోపల ఒక్క పేజీ కూడా చదవలేదు.

పది రోజులకు ఒక సన్నటి మనిషి, అరవై దాటినాయన, తెల్ల చొక్కా, తలమీద టోపీ, భుజాన గోనెసంచితో గ్రంథాలయానికి వచ్చాడు.

"ఖాదర్ బాషా అంటారమ్మా నన్ను. ఆధారాలు లేవని జాబు రాసినారు. తెచ్చినాను. యాడ పెట్టమంటారు?"

నేను జవాబు చెప్పేలోపలే సంచిని రీడింగు రూములో బల్ల మీద బోర్లించాడు. ఆ మోతకు పేపర్లు చదువుకునేవాళ్లంతా తలలెత్తారు. ముందు ఇత్తడి గిన్నెలు, చెంబులు, ఒక రాగి బిందె. వాటి వెనక, తీగలకు గుచ్చిన పాత చీటీల కట్టలు.

ఆయన పని గిన్నెల మీద పేర్లు చెక్కడం. పాత్రల అంగడి ముందు చిన్న బల్ల వేసుకుని, పెళ్లికీ గృహప్రవేశానికీ కొన్న సామాన్ల మీద ఇచ్చినవాళ్ల పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరు, ఊరు, ఉలితో చుక్కలు చుక్కలుగా కొడతాడు. తండ్రి, తాత చేసిన పనీ అదే.

"ఏం చెక్కాల్నో గిరాకీనే చీటీ మీద రాసిస్తాడమ్మా. చెక్కినాక తప్పు పడిందని కొట్లాటకొస్తాడు. అందుకని మా తాత కాలం నుంచి చీటీ పారేసేది లేదు. తీగకు గుచ్చేస్తాము. నువ్వు రాసిచ్చిందే చెక్కినా, సూసుకో అనేదానికి."

మూడు తరాల చీటీలు. ఎవరి ఇంటిపిల్ల ఏ ఊరికి పోయింది, ఏ ఊరి మగ్గాలవాళ్లు మద్రాసు వైపు వలసపోయి పండక్కి గిన్నె పంపారు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక కట్ట విడిగా ఉంటే అదేమిటని అడిగాను.

"అవి పేరు కొట్టేసి పేరు చెక్కిన చీటీలమ్మా. అమ్ముకున్న గిన్నెల మీద కొన్నోళ్లు అట్ల చెక్కించుకుంటారు. కరువు ఎప్పుడొచ్చిందో నేను పుస్తకాల్లో సూడలేదు. ఈ కట్టలో ఏ ఏటి చీటీలు ఎక్కువైనాయో సూసినాను."

ఆ మధ్యాహ్నం టీకి కూడా లేవకుండా ఆయన పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా సంతోషం వేసింది. ఇట్లాంటి పుస్తకం ఒకటి చేతికి రావాలని కదా ఇన్నేళ్లుగా పార్సిళ్లు విప్పుతున్నాను. పరుగున పోయి చెంగల్రాయలు సారుకు చెప్పాను.

"ఆ జాబు రాసింది నువ్వే గదమ్మా సుగుణా. ఇంకో జాబు రాయి" అన్నాడు.

"ఏమని సార్?"

"చదవకుండా రాసినాను, తప్పయిందని. దానికి అచ్చేసిన ఫారం లేదులే, చేత్తోనే రాయాల."

రాశాను. కార్యదర్శిగా నేను రాసిన జాబుల్లో బాగా కుదిరింది అదే. కొత్తగా వచ్చిన మీరిద్దరూ కూడా ఒకటి తొందరగా రాసేయండి, తరువాతవి సులువవుతాయి.

బడి జాగా

పుస్తకం చివరి మూడింటిలోకి వచ్చింది. అక్కడ ఒక అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది.

నగరికి దగ్గరలో ఒక నేత ఊరుంది. అక్కడి బడి మీద ఒక బోర్డు, బడి స్థాపించింది ఫలానా పెద్దింటాయన అని. బాషా పుస్తకం ప్రకారం బడికి జాగా ఇచ్చింది ఆయన కాదు, ఊరి మంత్రసాని మునెమ్మ. పిల్లాజెల్లా లేని మనిషి, తన ఇంటి జాగా బడికి ఇచ్చేసిందని, అందుకు ఊరి తల్లులంతా కలిసి ఆమెకు ఇత్తడి చెంబు ఒకటి చేయించి ఇచ్చారని రాశాడు. ఆ చెంబు మీద అక్షరాలు చెక్కింది బాషా తండ్రి. చీటీ ఉంది. చెంబు ఎక్కడుందో తెలియదు.

మా జడ్జీల్లో ఒక చరిత్ర ప్రొఫెసరు గారు ఉండేవారు. నిదానస్తుడు, నిజాయితీపరుడు. "చీటీ ఉంటే, చెక్కమని ఎవరో రాసిచ్చారని తెలుస్తుంది. చెంబు చేరిందనీ తెలియదు, ఊరు ఒప్పుకుందనీ తెలియదు" అన్నారు. అది న్యాయమైన మాటే. ఆయన మీద నాకు కోపం వచ్చింది గానీ, న్యాయమైన మాటే. ఈలోపల ఆ ఊరి నుంచి రాఘవులు అనే పెద్దాయన జాబు రాశాడు. బోర్డు మీది పేరు ఆయన తాతది. ఆ అధ్యాయం అబద్ధమని, పుస్తకానికి బహుమతి ఇస్తే ఊరుకునేది లేదని రాశాడు. చెంబు దొరక్కపోతే, ఆ అధ్యాయం నిరాధారమని మా రికార్డు పుస్తకంలో నమోదు చేసి, పోటీ నుంచి తీసేయాలన్నారు ప్రొఫెసరు గారు.

ఆ సంగతి బాషాకు ఫోన్ చేసి చెప్పాను. మరుసటి రోజే బాషా బస్సెక్కి వచ్చేశాడు.

"పదిహైదేండ్లుగా ఎతుకుతా ఉండానమ్మా. ఆ ఊర్లో ప్రతి ఇంటి వాకిట్లో నిలబడి అడిగినాను. ఏ మగోడూ సూడలేదంటాడు." మళ్లీ అన్నాడు: "ప్రైజు రాకపోతే పోనీలేమ్మా. మా నాయన లేనిదాన్ని చెక్కినాడని మాత్రం మీ పుస్తకంలో రాయొద్దండి. యాభై ఏండ్లు ఉలి పట్టిన చెయ్యి అది."

ఆయనకు కావలసింది అదొక్కటే. నాకేమో రెండూ కావాలనిపించింది, బహుమతీ, ఆ తండ్రి మాటా. కానీ మా చేతిలో ఏముంది? చెంగల్రాయలు సారు కళ్లు తెరిచి, "ఊరు ఏం చెప్తాదో ఇందాం" అన్నాడు.

ఊరి చదువు

ఒక ఆదివారం పొద్దున పుత్తూరు మీదుగా ఆ ఊరు చేరాం. ఊరంతా మరమగ్గాల మోత. మా కోసం గంటసేపు మగ్గాలు ఆపారు. అప్పటికప్పుడు చెవుల్లో దూది పెట్టినట్టయింది. బడి వసారాలో చాపలు పరిచారు. రాఘవులు డెబ్బై దాటిన మనిషి, మల్లెపువ్వు లాంటి పంచె కట్టుకుని వచ్చి సరిగ్గా బోర్డు కిందే కుర్చీ వేయించుకున్నాడు. బాషా ఒక మూల చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

సారు చుట్టూ చూసి, "ఆడోళ్లు యాడ?" అన్నాడు.

"వంటపనుల్లో ఉండారు. మేముండాము గదా, చదవండి" అన్నారు మగవాళ్లు.

"వాళ్లొచ్చినాకే" అని సారు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. అరగంట గడిచింది. మగ్గాలు ఊరికే ఉన్నాయని మగవాళ్లకు గుబులు పుట్టి, వాళ్లే పోయి ఆడవాళ్లను పిలుచుకొచ్చారు. చేతులు తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నేను చదవడం మొదలుపెట్టాను.

మునెమ్మ కథ వచ్చేటప్పటికి నిదానించాను. చీటీలోని మాట చదివాను: 'బడికి జాగా ఇచ్చిన మంత్రసాని మునెమ్మకు ఊరి తల్లులు ఇచ్చుకున్న చెంబు.'

రాఘవులు చెయ్యెత్తాడు. "ఆడ ఆపమ్మా. ఈ ఊర్లో పుట్టి పెరిగినోణ్ణి నేను. అట్లాంటి చెంబు ఈ ఊర్లో లేదు. రాసుకోండి."

ప్రొఫెసరు గారు కలం తీశారు. బాషా నేల చూపులు చూస్తున్నాడు. నోరు తెరవకూడదన్న పద్ధతి మీద నాకు మంట పుట్టింది ఆ ఒక్క నిమిషమే.

వెనకనుంచి ఒక పెద్దావిడ అడిగింది, "ఎంత చెంబమ్మా? రెండు శేర్లు పట్టేదా?" ఆమె రాఘవులు భార్య రాజమ్మ అని పక్కనే ఉన్నవాళ్లు చెప్పారు.

"పెద్దదే అని రాశారండీ" అన్నాను.

ఆమె పక్కావిడ చెవిలో ఏదో అంది. ఆ మాట వరసంతా పాకింది. నవ్వులు మొదలయ్యాయి.

"పురిటి చెంబు గదే అది" అంది ఎవరో.

రాజమ్మ లేచి నిలబడింది. "మా ఊర్లో యావింట్లో బిడ్డ పుట్టినా, నీళ్లు పోసేదానికి ఒక చెంబు వస్తాదమ్మా. వాళ్ల బిడ్డకు మూడు నెల్లు నిండితే ఇంకో ఇంటికి పోతాది. మా అత్త కాలం నుంచీ అంతే. దాని అడుగున ఏందో గీతలుండాయి. ఇప్పుడు మా ఇంట్లోనే ఉండాది, మా మనవరాలు కానుపై వచ్చింది గదా."

"మనింట్లోనా?" అన్నాడు రాఘవులు.

"నీకెట్ల తెలుస్తాది? పురిటింట్లోకి ఎప్పుడన్నా తొంగి సూసినావా నువ్వు?"

వసారా అంతా నవ్వు. బాషా తల పైకెత్తాడు. పదిహేనేళ్లుగా వాకిళ్లలో నిలబడి ఆయన అడిగింది మగవాళ్లను. పురిటింట్లో తిరిగే చెంబు ఏ మగవాడి కంట పడుతుంది? నేను వెనకనుంచి పుస్తకం తెరిచాను, ఆయన ముందువాకిలి నుంచి ఊరిని అడిగాడు. ఇద్దరిదీ ఒకే తరహా తప్పు.

రాజమ్మ ఇంటికి పోయి చెంబు తెచ్చింది. దాన్నిండా నూనె జిడ్డు, సున్నిపిండి. అడుగున మసి. ఎవరో చింతపండు తెచ్చారు. రచయిత ముట్టుకోకూడదు కాబట్టి, ప్రొఫెసరు గారే చొక్కా చేతులు మడిచి, గొంతుక్కూర్చుని తోమారు. "ఇంకాస్త గట్టిగా తోము సామీ, బువ్వ తినలేదా?" అని ఒకావిడ కేక వేసింది. మసి వదిలేకొద్దీ ఇత్తడి మీద చుక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"ఆయన్నే చదవనీండి" అన్నాడు చెంగల్రాయలు సారు, రాఘవులును చూపించి.

రాఘవులు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చెంబును వెలుతురుకు తిప్పుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. చీటీలో ఉన్న మాటలే. అక్షరం కూడా తేడా లేదు. చదవడం అయ్యాక చాలాసేపు చెంబును ఒళ్లోనే పెట్టుకున్నాడు. భార్య వైపు తిరిగి అడిగాడు.

"నాకు గూడా దీంతోనే పోసింటారా?"

"నీకూ, మన బిడ్డలకూ" అంది రాజమ్మ.

ఆయన లేచి, తన నెత్తి మీదున్న బోర్డు వైపు చూశాడు. "గోడలు మా తాతే లేపిండొచ్చు. జాగా ఈయమ్మది. ఈయమ్మ పేరు పైన రాయించండి, మా తాత పేరు కింద ఉండనీండి" అన్నాడు. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది. తాత పేరు మీద అంత పట్టుదల ఉన్న మనిషి, అంతమంది ముందు ఆ మాట అనడం చిన్న సంగతి కాదు.

అప్పుడు చెంబు బాషా చేతికిచ్చాం. బొటనవేలితో ఆ చుక్కల మీద నిదానంగా తడిమాడు. "మా నాయన చెయ్యే" అన్నాడు. నవ్వుతున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. ప్రొఫెసరు గారు ఆయన ముందే, తాను రాసుకున్న కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశారు.

ఆ ఏడాది బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. సభ సంగతి రాయను, సభలన్నీ ఒకేలా ఉంటాయి. ఆ వసారాలో జరిగింది ఇంకొంచెం ఉంది.

ప్రొఫెసరు గారు చెంబును అటు తిప్పి ఇటు తిప్పి ఫోనులో ఫోటోలు తీశారు. పైకి, కిందికి, అడుగున. తరువాత తన తువ్వాలులో జాగ్రత్తగా చుట్టడం మొదలుపెట్టారు. "ఇంత విలువైన ఆధారం ఇట్లా ఇంటింటికీ తిరగకూడదు. తిరుపతికి తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టిద్దాం" అన్నారు.

రాజమ్మ చెయ్యి చాపింది.

"సూసింది సాల్లే సామీ. పొయ్యి మీద నీళ్లు కాగి సల్లారిపోతా ఉండాయి. బిడ్డకు పొయ్యాల. ఇట్లియ్యండి."

ఆయన చుట్టడం ఆపారు. తువ్వాలు విప్పి, రెండు చేతులతో చెంబును ఆమెకు అందించారు. ఆమె దాన్ని నడుముకు ఆనించుకుని గబగబా ఇంటివైపు నడిచింది.

మగ్గాలు ఇంకా మొదలుకాలేదు. మేం చెప్పులు వేసుకుంటుంటే రాఘవులు ఇంటి పెరట్లోంచి నీళ్లు పోస్తున్న చప్పుడు, వెంటనే ఒక బిడ్డ గుక్కపట్టి ఏడవడం వినిపించాయి. ఖాదర్ బాషా ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, నిలబడి విన్నాడు.

"పోస్తా ఉండారు" అన్నాడు.